తోళ్ల మండీ ఎరువు

ఫాతిమాబీకి పూలతో నలభై ఏళ్ల సావాసం. వాటిలో ఒక్క పువ్వూ తనది కాదు. ఏడేళ్ల పిల్లగా ముదిగుబ్బ బస్టాండు దగ్గర వాళ్లమ్మ పక్కన కూర్చుని దారం పట్టుకుంది. పెళ్లయి అత్తగారి ఊరికి వచ్చాక కూడా ఆ దారం చేతిలోనే ఉండిపోయింది. గుడికి పోయే మాలలు, దర్గాకు పోయే చాదర్లు, పెళ్లికూతుళ్ల జడలు, పాడె మీది దండలు, అన్నీ ఆమె చేతుల్లోంచే పోయాయి. మూరకు ఇంతని చేతిలో పెట్టేవాళ్లు, అంతే.

రెండేళ్ల కిందట ఆ చేతివేళ్లు ఒలుచుకుపోవడం మొదలైంది. దూరం నుంచి లారీల్లో దిగే చామంతులకు కొట్టే మందు అలాంటిది. వేళ్ల కొనల్లో తోలు ఊడి, కూడు కలుపుకోవాలన్నా కళ్లల్లో నీళ్లు తిరిగేవి. డాక్టరు పూలు ముట్టుకోవద్దన్నాడు. ఆయనకేం, చెప్పడం సులువే. ఫాతిమాబీ ఇంటికొచ్చి బాగా ఆలోచించింది. పూలు మానడం తనవల్ల కాదు. మందు కొట్టని పూలైతే? ఇంటి వెనక ఇరవై సెంట్ల నేల ఉంది, రోజుకు ముప్పావు గంట నీళ్లు కక్కే బోరు ఉంది.

మొగుడు మాబాషాకు ఈ మాట రుచించలేదు. మోకాలు చెడి ఆటో అమ్ముకున్న మనిషి. మూడేళ్లు వరసగా శెనక్కాయ వేసి విత్తనం కూడా తిరిగి చూడని మనిషి. బెంగుళూరులో కడుతున్న అపార్టుమెంటుకు మొగుడూ పెళ్లాం ఇద్దరూ కాపలాకు కావాలని, ఉండడానికి రేకుల గది ఇస్తారని కబురొచ్చింది.

“పోదాం పదమే. ఈడేముండాది మనకు?” అన్నాడు.

“ఈ ఒక్క పంట చూద్దామయ్యా. చామంతి నిలబడకపోతే నువ్వు యాడికంటే ఆడికి వస్తా” అంది ఫాతిమాబీ. ఆ మాట మీద అతను ఆగాడు.

చలికాలంలోనే ఎరువు దిబ్బ వేసింది. గొర్రె పెంట, శెనక్కాయ పొట్టు, వేపాకు, అమ్ముడుపోని పూలు పొరలు పొరలుగా పేర్చి, స్నానం చేసిన నీళ్లు చల్లి, పది పదిహేను రోజులకోసారి పారతో తిరగేసింది. దిబ్బలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. ఎండలు ముదిరేసరికి అది నల్లగా, పొడిపొడిగా దిగింది. మొదటి వానకు నారు నాటి ఆ ఎరువు వేస్తే, రెండు నెలల్లో చామంతి గుబురు కట్టింది. దారిన పోయేవాళ్లు నిలబడి చూసి పోయేవాళ్లు. ఫాతిమాబీకి కాస్త గర్వం కూడా వచ్చింది. రానివ్వండి పాపం, నలభై ఏళ్లకు వచ్చిన గర్వం.

మొదటి దిబ్బ అంతటితో అయిపోయింది. రెండోది అప్పటికే తయారవుతోంది. కథంతా ఆ రెండో దిబ్బలోనే ఉంది.

ఆమె అన్న అజ్మతుల్లా కదిరిలో తోళ్ల మండీలో పనిచేస్తాడు. బక్రీదు పోయిన వారానికి మండీ నిండా తోళ్లే. వాటిని పరిచి, ఉప్పు చల్లి, మడిచి పంపేశాక నేల ఊడిస్తే బొచ్చు, పేడ, నెత్తురు గడ్డలు, తోలు పీలికలు గుట్టగా మిగులుతాయి. “దీన్ని ఎత్తి పారేసేదానికి మనుషులను పెట్టాల. నువ్వు తోలుకుపో” అన్నాడు. ఇంతకన్నా బలమైన ఎరువు యాడ దొరుకుతుంది? పన్నెండు సంచులు బాడుగ ఆటోలో వేసుకుని తెచ్చి రెండో దిబ్బలో కలిపింది.

అజ్మతుల్లా చెప్పలేదనడానికి లేదు. సంచులు కడుతూనే అన్నాడు: “ఉప్పుంటాది, చూసుకో.”

“ఉంటే ఏమిలే అన్నా. నాయన కొబ్బరిచెట్టుకు ఏడాదికి రెండు దోసిళ్ల ఉప్పు పోస్తాండె కదా. అది కాయలేదా?” అంది ఫాతిమాబీ నవ్వుతూ.

ఎంత మంచి లెక్క! కొబ్బరిచెట్టు తట్టుకుంటే చామంతి ఎందుకు తట్టుకోదు? అడిగితే ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమంది ఆమె మాటే అనేవాళ్లు.

ఆ దిబ్బా నల్లగానే దిగింది. చేతిలోకి తీసుకుంటే మొదటిదానికీ దీనికీ తేడా తెలియలేదు. వినాయక చవితి ముందు మడి అంతా చల్లింది. పక్కింటి చౌడమ్మకు కూడా రెండు గంపలు మోసుకెళ్లి ఇచ్చింది. చౌడమ్మ ఒంటరి మనిషి. వాకిట్లో కనకాంబరం మడి పెట్టుకుని, వీధి కుళాయి నీళ్లు మోసి పోసుకుంటూ, రోజూ నాలుగు మూరలు కట్టి అమ్ముకుంటుంది. ఆమె ఎరువు అడగలేదు. “వేసి చూడక్కా, నాకు దువా చేస్తావు” అని ఫాతిమాబీయే గుమ్మరించి వచ్చింది.

దసరా నాటికి చామంతి ఆకుల అంచులు మాడాయి. మొగ్గలు శెనగగింజంతై అక్కడే ఆగిపోయాయి. ఆకలి మీదున్నాయేమో అనుకుంది ఫాతిమాబీ. మిగిలిన ఎరువంతా మొదలు మొదలుకూ ఇంకో గుప్పెడు చొప్పున పెట్టింది. బిడ్డకు విషం పెడుతూ తినమ్మా తినమ్మా అని బుజ్జగించినట్టు చేసింది.

ఒక పొద్దున, తడి ఆరిన మడిలో మట్టి తెల్లగా పొక్కు కట్టి కనిపించింది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంది. లేచి మొగుడి దగ్గరకొచ్చింది.

“ఉప్పయ్యా” అంది. “నేనే పోసినా.”

మాబాషా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. “నీళ్లతో కడిగితే దిగిపోదా?” అన్నాడు.

దిగిపోతుంది. ఒక్క పెద్ద వాన పడితే ఉప్పంతా లోపలికి దిగిపోతుంది. మబ్బులేమో కొత్తచెరువు ఊరి వైపు పోయాయి. బోరు నీళ్లన్నీ ఒక్క మూలకే మళ్లించి ఎనిమిది రోజులు తడిపారు. పొద్దున తడిపితే మధ్యాహ్నానికి మళ్లీ తెలుపు తేలేది. తొమ్మిదో రోజు బోరు బురద కక్కి ఆగిపోయింది. మాబాషా బెంగుళూరుకు ఫోను చేశాడు. ఫాతిమాబీ అడ్డు చెప్పలేదు.

ఆ సాయంత్రం చౌడమ్మ ఖాళీ గంప పట్టుకుని వచ్చింది.

“ఫాతిమా, ఆ ఎరువు ఇంకో గంపుంటే ఇయ్యి మే. నా కనకాంబరాలు వాడుతాండాయి. నా చెయ్యి మంచిది కాదేమో.”

మంచం మీదున్న మాబాషా పెళ్లాం మొహం చూసి, “అయిపోయిందిలే చౌడక్కా” అన్నాడు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. చౌడమ్మ తన చేతిని తిట్టుకుంటూ వెళ్లిపోయేది.

“నీ చెయ్యి కాదక్కా” అంది ఫాతిమాబీ. “నా ఎరువులోనే ఉప్పుండాది. నీ చెట్లను నేనే చంపినా.”

చౌడమ్మ గంప కింద పెట్టింది. “నీళ్లు పోస్తే పోతాదా?” అని అడిగింది.

“పోతాది.”

“ఎన్ని బిందెలు పోయాల?”

ఊళ్లో కుళాయి రెండు రోజులకోసారి వస్తుంది, ఇంటికి నాలుగు బిందెలు. అవి తాగేదానికే చాలవు. చౌడమ్మ గంప తీసుకుని వెళ్లింది.

సోమవారం తెల్లవారగానే మూటలు బయట పెట్టి, చెప్పి పోదామని ఫాతిమాబీ పక్కింటికి వెళ్లింది. చౌడమ్మ వాకిట్లో వంగి, తాగే నీళ్ల బిందె ఎత్తి ఎండిన మొక్కల మొదట్లో కొంచెం కొంచెంగా పోస్తోంది. వేరు మాడిన మొక్కలవి, ఇక చిగురించవు. పోయొద్దక్కా, ఆ నీళ్లు తాగేదానికి ఉంచుకో అని చెప్పాలని ఫాతిమాబీకి నోటి దాకా వచ్చింది. చెప్పడానికి మొహం చెల్లలేదు. బిందె ఖాళీ అయ్యేదాకా కంచె బయటే నిలబడింది.