తాళాలక్క తెరిచిన దుకాణాలు

మూలమలుపులో తాళంచెవులు కోసే కొట్టు తాళాలక్కది. కొట్టంటే పెద్ద కొట్టనుకునేరు, అల్మారాకి అన్నలాంటిది. ఆవిడ కూర్చుంటే కూతురు బయట నిలబడాలి. మొగుడు పోయిన కొత్తలో, ఆడది మిషను తిప్పుతుందా అని నవ్విన మహానుభావులున్నారు. ఆ మహానుభావులే తర్వాత ఇంటి తాళంచెవి పారేసుకుని, వానలో నిలువునా తడిసి, ఆవిడ ముందు చేతులు కట్టుకు నిలబడ్డారు. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇంకొకరైతే అనకుండా ఊరుకుంటారా?

ఆ వీధికి రోజులు బాగాలేవు. అవతలి రోడ్డులో అద్దాల మేడలాంటి పెద్ద బజారు వచ్చి కూర్చున్నాక, ఇక్కడి షాపులు ఒకదాని వెనక ఒకటి షట్టర్లు దించేశాయి. దించినవాళ్ళు వెళ్తూ వెళ్తూ, "అక్కా, అప్పుడప్పుడు తీసి చూస్తుండు" అని తాళంచెవులు ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ తీసేది, కిటికీలు తెరిచేది, ఎలుకల్ని తిట్టేది, మళ్ళీ మూసేది.

అదే వీధిలో అరుగు మీద కూర్చుని తోలుబొమ్మలూ కొయ్యబొమ్మలూ చేసే ముసలాయన ఒకడుండేవాడు. వాన చినుకు పడితే సగం చేసిన బొమ్మల్ని సంకలో ఇరికించుకుని పరిగెత్తేవాడు. అది చూసి చూసి తాళాలక్కకి ఒళ్ళు మండింది. మూసేసిన మందుల షాపు యజమాని దగ్గరకి వెళ్ళి, "ఎలుకలకి ఊరికే ఇచ్చావు, మనిషికిస్తే నీ సొమ్మేం పోయింది?" అని అడిగింది.

"రేపు కొనేవాడు వస్తే ఇతను కదలనంటాడక్కా!"

"నువ్వు అడిగిన రోజు, అడిగిన పూట, తాళంచెవి నీ చేతిలో ఉంటుంది. ఎందుకు, ఏమిటి, ఒక్క రోజు ఆగు అని నా నోట రాదు. రెండో తాళంచెవి కొయ్యను. మాట తప్పితే నా మిషను ఎత్తుకుపో."

ఆ మాట మీద తెరుచుకుంది మొదటి తలుపు. మాత్రలుండే చిన్న చిన్న సొరుగుల్లో బొమ్మల కళ్ళూ ముక్కులూ వేళ్ళూ చేరాయి. దాన్ని చూసి మిగతావాళ్ళూ ఇచ్చారు. బ్యాంకు ఖాళీ చేసి పోయిన భవనం వయొలిన్ మాస్టారికి దొరికింది. పాఠం చెప్పేది ఎక్కడనుకున్నారు? డబ్బు దాచే ఇనప గదిలో! తలుపు వేస్తే చీమకి కూడా వినపడదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ వాయింపు విన్నవాళ్ళకే తెలుస్తుంది అదెంత లోకోపకారమో. మూసిన బట్టల షాపు నాటకాలవాళ్ళకి వెళ్ళింది. వాళ్ళు మహా గట్టివాళ్ళు. వీధి వైపున్న అద్దాల గదినే స్టేజీ అన్నారు. జనం పేవ్‌మెంటు మీద నిలబడి చూడాలి. చీరలు కట్టి నిలబెట్టే చేతులు విరిగిన ప్లాస్టిక్ బొమ్మలే నాటకంలో ఊరి జనం. వీటన్నిటికీ హామీ ఏమిటయ్యా అంటే తాళాలక్క నోటి మాట, అంతే.

ఆ నాటకంలో అసలు వేషం ఆవిడ కూతురిది. పిల్ల మిషను పని తల్లి కంటే చురుగ్గా చేస్తుంది గానీ, మనసంతా నాటకం మీదే. తాళాలక్క పైకి "తిండి పెడుతుందా అది?" అని గొణిగేది. వచ్చిన ప్రతివాడికీ మాత్రం తాళంచెవితో పాటు, "ఆదివారం సాయంత్రం మా అమ్మాయి నాటకం, మర్చిపోకు" అని చెప్పి పంపేది.

ఆ ఆదివారం పొద్దున్నే బట్టల షాపాయన మనిషిని పంపాడు. అద్దెకి మనిషి కుదిరాడు, రేపే దిగుతాడు, మధ్యాహ్నానికల్లా తాళంచెవి కావాలి.

తాళాలక్క అప్పుడు ఎవరిదో ఇనప్పెట్టె తాళంచెవి కోస్తోంది. పని సగంలో ఆపి, కొట్టు కూతురికి అప్పజెప్పి, నాటకాలవాళ్ళ దగ్గరకి తనే వెళ్ళింది. గుండె రాయి చేసుకుని చెప్పింది. వాళ్ళు బతిమాలారు, కోప్పడ్డారు, చివరికి సామాను బయట పెట్టారు. తిరిగొచ్చి, కొట్లో మేకుకి వేలాడుతున్న షాపు తాళంచెవి తీసుకుని వెళ్ళి యజమానికి ఇచ్చేసింది. కూతురు ఏడవలేదు, అరవలేదు. "సరేలేమ్మా" అని ఎటో వెళ్ళిపోయింది. తల్లికి ప్రాణం చివుక్కుమంది. ఇంత నెమ్మదిగా ఊరుకునే పిల్ల కాదే అని మాత్రం తోచలేదు.

అన్నం సహించలేదు. సాయంత్రం అవుతుండగా, సగంలో ఆపిన తాళంచెవి పూర్తి చేద్దామని మిషను ముందు కూర్చుంది. కూర్చున్నది అలాగే ఉండిపోయింది.

మిషను తళతళలాడుతోంది. పొద్దున్న లేచి వెళ్ళినప్పుడు పళ్ళచక్రం కింద ఇనప రజను కుప్పగా ఉంది, తను తుడవలేదు. ఇప్పుడు గోరంత రజను లేదు. తాళంచెవి కొయ్యగానే బ్రష్షుతో మిషను తుడవాలని కూతురికి చిన్నప్పుడు తనే నేర్పింది. ఆ పిల్ల ఇల్లు ఊడవమంటే ఊడవదు, కంచం తియ్యమంటే తియ్యదు. కానీ తాళంచెవి కోశాక తుడవకుండా ఉండలేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఏం చేస్తాడు పాపం, ఆయన దగ్గర మిషను లేదుగా!

తాళాలక్క లేచి, బట్టల షాపు వెనక సందులోకి వెళ్ళి తలుపు తోసింది. తెరుచుకుంది. లోపల అందరూ ఉన్నారు. తెరలా అద్దాలకి అంటించిన కాగితాలు ఇంకా తియ్యలేదు. కూతురు ముఖానికి సగం రంగు వేసుకుని ఉంది.

"ఏదే ఆ తాళంచెవి?"

"అమ్మా, ఒక్క గంట. ఆయన రేపటిదాకా ఇటు రాడు. ఎవరికి నష్టం చెప్పు?"

"నాకే నష్టం. ఇవ్వు."

"నీకు నీ మాటే గొప్ప!" పిల్ల తాళంచెవిని పిడికిట్లో బిగించింది. "పరాయివాళ్ళ కోసం పీకల మీద కూర్చుని అడుగుతావు. నా కోసం ఒక్క రోజు ఆగమని ఆయన్ని అడిగావా? నోరు తెరిచావా అసలు?"

తాళాలక్క అడగలేదు. అడగనని మాటిచ్చింది కాబట్టి అడగలేదు. అది ఎంత న్యాయమో, అంతే అన్యాయంగా కనిపించింది ఆ క్షణాన, సగం రంగు ముఖం ముందు.

"అడగలేదే. అడగలేను" అంది. తర్వాత చెయ్యి చాపింది. కొత్త ఇత్తడి తాళంచెవి ఆ చేతిలో పడింది. "కంచే చేను మేసింది. ఇక ఎవరి తాళంచెవీ మన దగ్గర ఉండకూడదు. ఎవరివి వాళ్ళకి, జరిగింది చెప్పి మరీ ఇచ్చేస్తాను."

"ఎవరికీ తెలీదమ్మా! విరిచి పారేస్తే సరిపోతుంది!"

"మనకి తెలుసుగా."

ఆవిడ గుత్తి తీసుకుని బయలుదేరింది. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు. ముఖం కడుక్కోకుండానే వచ్చేసింది కూతురు. బట్టల షాపాయన గుమ్మంలో తల్లి గొంతు సవరించుకునేలోపే, "నేను చెప్తాను. చేసింది నేను" అని ముందుకొచ్చింది.

చెప్పింది. ఆయన ఆకాశం భూమి ఏకం చేశాడు. తల్లీకూతుళ్ళిద్దరినీ కలిపి కడిగేశాడు. తాళాలక్క నాటకాలవాళ్ళ చేత సామాను మళ్ళీ బయట పెట్టించి, కొట్టు నుంచి కొత్త తాళం తెచ్చి, వెనక తలుపుకి తనే బిగించి, తాళంచెవులన్నీ ఆయన చేతిలో పెట్టింది.

మందుల షాపాయన తిట్టలేదు. "ఏమనుకోకక్కా" అని తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. అదే ఎక్కువ తగిలింది. ఆయన జేబులోకి వెళ్ళింది తాళంచెవి కాదు, బొమ్మల ముసలాయన గూడు. ముసలాయన సొరుగులు ఒక్కొక్కటే డబ్బాలో వంచుకుని, ఆ డబ్బా పిల్ల చేతుల్లో పెట్టాడు. "జాగ్రత్తగా పట్టుకో తల్లీ, కళ్ళున్నాయి" అన్నాడు. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. పొద్దుటినుంచీ దాచుకున్నదంతా వీధి మధ్యలో బయటపడింది. తల్లి ఓదార్చలేదు, పక్కన నడిచింది.

మిగిలింది బ్యాంకు భవనం. దాని యజమానురాలు మామ్మ ఆ మేడమీదే ఉంటుంది. ఇద్దరూ మెట్లెక్కారు. ఒకరి చేతిలో తాళంచెవి, ఇంకొకరి చేతిలో కళ్ళ డబ్బా. రంగంతా కారిపోయిన ముఖంతో కూతురు మొత్తం చెప్పింది. తను కోసిందీ, లోపలికి వెళ్ళిందీ, అమ్మ వచ్చి పట్టుకుందీ, ముసలాయన గూడు పోయిందీ, ఏదీ దాచలేదు.

మామ్మ ఆ పిల్లని దగ్గరకి పిలిచింది.

"నా తలుపుకి కూడా కోశావా?"

"లేదు మామ్మా."

"కోస్తే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"అక్కడ జరిగింది చెప్పకపోతే?"

"అదీ తెలిసేది కాదు."

"మరి నాకెందుకు ఈ తాళంచెవి? తెలియనివన్నీ వచ్చి చెప్పేవాళ్ళ దగ్గరే ఉండనీ." మామ్మ కర్ర అందుకుని లేచింది. "కింద బ్యాంకు కౌంటరు ఉంది కదే, దాని మీదెక్కి ఆడలేరా? మీ ముసలాయన్ని ఆ డబ్బా ఇనప గదిలో పెట్టుకోమను. నా కుర్చీ మాత్రం ముందు వరసలో వెయ్యాలి. నాకు చెవులు సరిగ్గా వినపడవు."

తాళాలక్క కళ్ళలో నీళ్ళు చూసి కూతురికి భయం వేసింది. "అమ్మా, ఏంటమ్మా?" అంది.

"ఏం లేదు. జనం అక్కడ పేవ్‌మెంటు మీద నిలబడి ఉంటారు, పోయి పిలుచుకు రా" అని, కొంగుతో పిల్ల ముఖం గట్టిగా తుడిచింది. "ముందు ఆ ముఖానికి సరిగ్గా రంగు వేసుకో. ఇలా వెళ్తే దయ్యం నాటకం అనుకుంటారు."