కిటికీ పక్క బల్ల

"అడగడమే మాకు తప్పు, బాబూ. మీరెంతమంది, ఎక్కడ కూర్చుంటారు అని అడిగామంటే, పోయినేడు వచ్చినవాళ్ళని మర్చిపోయామనేగా."

సెలవులకు కుటుంబాలు వచ్చి దిగే ఆ సరస్సు ఒడ్డు విడిదిలో, పెద్ద భోజనశాలలో ఈ మాటలన్న పెద్దాయన ముప్పై ఒక్క ఏళ్ళు వడ్డించాడు. అక్కడి పాత హోటళ్ళ కబుర్లు రాసుకుంటూ తిరుగుతున్న నన్ను అందరూ ఆయన దగ్గరికే పంపారు. పిల్లలు ఆయన్ని గుర్తు మామయ్య అనేవారట.

"లోకంలో అందరి కంచాలూ గుర్తే. గొడుగు మాత్రం ఎక్కడికెళితే అక్కడే వదిలేసొస్తారు," అంది ఆయన భార్య, నాకు కాఫీ ఇస్తూ. ఆయన పట్టించుకోలేదు.

అప్పట్లో ఆ పెద్దశాలతో కలిపి మూడు హోటళ్ళు ఉండేవి. పడవల రేవు దగ్గర అన్నదమ్ములిద్దరు నడిపిన చిన్నది. పొద్దస్తమానం పోట్లాడుకుంటూనే ఐస్‌క్రీం అమ్మేవారు. గుట్ట మీద అద్దాల గోడలది ఒకటి. ఇప్పుడు చిన్నదాంట్లో విరిగిన తెడ్లు పడేస్తున్నారు, గుట్ట మీదది కూల్చేశారు. పెద్ద భోజనశాలకు తాళం పడింది. వచ్చినవాళ్ళు కౌంటర్లో పొట్లాలు తీసుకుని గదుల్లోకి వెళ్ళిపోతున్నారు.

పెద్దశాలలో ఒక పద్ధతి ఉండేది. వెళ్ళిపోయే రోజు, వచ్చే ఏడు ఎంతమంది అని సర్వరు అడిగేవాడు. మళ్ళీ వాళ్ళొచ్చేసరికి అన్ని కంచాలూ వేసి ఉంచేవాడు. అడగడం ఆ ఒక్కసారే.

కిటికీ పక్క బల్ల ఒక నలుగురిది. అమ్మ, నాన్న, ఇద్దరాడపిల్లలు. తండ్రిది ఎడమచేతి వాటం. గ్లాసు అటు పెట్టాలి. ఒక ఏడు తల్లి, పిల్లలు మాత్రమే వచ్చారు. తండ్రి వెనకాలే వస్తున్నాడనుకుని, గుర్తు మామయ్య ఎడమవైపు గ్లాసు పెట్టి, వేడివేడి సూప్ కూడా పోసేశాడు. పెద్దపిల్ల తల వంచుకుంది. ఆ ఖాళీ కుర్చీ ముందు సూప్ చల్లారిపోయింది.

తండ్రి చలికాలంలో పోయాడని పక్కబల్లవాళ్ళు తర్వాత చెప్పారట.

"మర్నాడు తీసేద్దామని కంచం చేత్తో పట్టుకున్నా. చెయ్యి రాలేదు. తీస్తే ఆయన లేడని నేనే చెప్పినట్టు. ఉంచితే రోజూ పుండు కెలికినట్టు. ఆమెని అడగొచ్చు కదా అంటే, అడగడమే మాకు తప్పాయె. మళ్ళీ అక్కడే పెట్టేశా."

వారమంతా నాలుగు కంచాలే వేశాడు. వెళ్ళే రోజు, అలవాటుగా నోరు జారింది: వచ్చే ఏడు ఎంతమంది, అమ్మా?

ఆమె బల్లకేసి చూసి, "నలుగురమే," అందట.

మరుసటి ఏడు ఆయన నాలుగు కంచాలు వేసి ఉంచాడు. వాళ్ళు రాలేదు. ఆ పైఏడూ వేశాడు. ఆ బల్ల వేరేవాళ్ళకిమ్మన్న మేనేజరుతో గొడవ కూడా పెట్టుకున్నాడట. శాలకు తాళం పడేదాకా వాళ్ళు రానేలేదు.

"నా వల్లే రాలేదేమో," అన్నాడు. ఆయన భార్య ఖాళీ కప్పులు పట్టుకుని నిలబడిపోయింది.

నేను లేచాను. గుమ్మం దాకా వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"పాత అతిథుల్ని కూడా కలుస్తానన్నావుగా బాబూ. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి ఉంటారు. దొరికితే అడుగు, ఆ కంచం తీసెయ్యాల్సిందా, ఉంచాల్సిందా అని. ఏం చెప్పినా సరే, నా మనసు కోసం మార్చకు. ఉన్నదున్నట్టు వచ్చి చెప్పు."