గీతకు అవతలి మద్రాసు

నాకు కోపం వస్తే లెక్కలు రాస్తాను. కొందరు గిన్నెలు ఎత్తి పడేస్తారు, కొందరు పుట్టింటికి వెళ్ళిపోతారు. నేను పద్దుల పుస్తకం తీస్తాను. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చాక పట్టుకున్న జబ్బు.

తెలుగు సినిమాలు ఒక్కొక్కటిగా ఇటు తరలివస్తున్న రోజులవి, ఎనభైల చివర. మా ఆయన ఎడిటింగ్ గదిలో అసిస్టెంటు. తను ఎవరి దగ్గర పనిచేస్తున్నారో ఆ ఎడిటరుగారు ఫిల్మ్‌నగర్‌లో గది తీసుకున్నారు కాబట్టి మేమూ రావాల్సిందేనని మా ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. వడపళనిలో పదకొండేళ్ళు చేసిన కాపురం ఒక్క లారీలో పట్టేసింది. అంతేనా మన బతుకు అనిపించింది నాకు. పిల్లకి అప్పుడు మూడేళ్ళు.

ఇల్లు ఖాళీ చేసిన రోజు ఓనరమ్మ మా అడ్వాన్సు తిరిగి ఇచ్చేసింది. మద్రాసులో ఇల్లు అద్దెకు కావాలంటే పది నెలల అద్దె ముందే ఇచ్చుకోవాలి. మా అద్దె మూడు వందల యాభై, అంటే మూడు వేల అయిదు వందలు. అంత డబ్బు నా చేతిలో ఎప్పుడూ ఆడలేదు. తిన్నగా సందు చివరి బ్యాంకుకి వెళ్ళి, నా పేరున ఉన్న ఖాతాలో వేసి వచ్చాను. కొత్త ఊళ్ళో సవాలక్ష ఖర్చులుంటాయి, ఆ డబ్బు పనికొచ్చేది కదా అని ఆయన గొణిగారు. అది మళ్ళీ ఇక్కడికి తిరిగొచ్చినప్పుడు ఇంటి అడ్వాన్సుకని చెప్పాను. పాసుపుస్తకం చీర మడతల్లో పెట్టుకుని రైలెక్కాను. ఆ డబ్బు అక్కడున్నంత కాలం నేను మద్రాసు మనిషినే, ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చాననే నా లెక్క.

యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటాలో దిగాం. మొదటి వారంలోనే కూరగాయల బండి దగ్గర పేచీ పడింది. వంకాయలు, బీరకాయలు తీసుకుని డబ్బులిచ్చి, కరివేపాకు కోసం సంచీ మూతి తెరిచి నిలబడ్డాను. మద్రాసులో అడగక్కర్లేదు. కూరలు సంచీలో పడగానే పైన రెండు రెబ్బలు వాటంతట అవే పడేవి. బండామె నా సంచీ వంక చూసి, మళ్ళీ నా మొహం వంక చూసింది.

"కల్యామాకా? పావలా."

కరివేపాక్కి కూడా డబ్బులేనా అన్నాను.

"ఉట్టిగ ఎట్లిస్తనమ్మా? నాకేమన్న ఉట్టిగ ఒస్తున్నదా?"

ఆమె మాటలో తప్పేం లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పావలా ఉండి కూడా కొనకుండా ఇంటికొచ్చి, కరివేపాకు లేకుండా చారు పెట్టాను. ఆ చారు ఎవరూ తాగలేదు. ఆ కోపంలోనే ఒక నోటుపుస్తకం తీసి, పేజీకి నడిమధ్య నిలువునా గీత గీశాను. ఇవతల హైదరాబాదు ధర, అవతల మద్రాసు ధర. మొదటి పద్దు కరివేపాకు. ఇవతల పావలా, అవతల ఊరికే.

ఇక వదల్లేదు. పాలు, కందిపప్పు, కాఫీపొడి, అద్దె, కిరసనాయిలు, పిల్ల స్కూలు రిక్షా. జూబ్లీహిల్స్ ఎక్కడానికి ఆయన ఆటోకిచ్చే డబ్బులు ఇవతల, కోడంబాకంలో బస్సు టికెట్టు అవతల. ఇక్కడేది కొన్నా అక్కడ ఎంతకి కొనేదాన్నో గుర్తు చేసుకుని పక్కన రాసేదాన్ని. ఆ గుర్తు చేసుకోవడంలో ఒక సుఖం ఉండేది. కందిపప్పు ధర రాస్తుంటే మా సందు చివరి కొట్టు, ఆ కొట్టాయన పొట్లం కట్టి దారం పళ్ళతో తెంపడం, అన్నీ కళ్ళముందుకొచ్చేవి.

సినిమావాళ్ళకి నెలలో రెండో ఆదివారం సెలవు. ఆ రోజు పొద్దున్న కాఫీ తాగుతూ మా ఆయన గుమ్మంలో కూర్చుంటే, నేను పీట వేసుకుని పోయిన నెల పద్దులు చదివేదాన్ని. ఇవతల ధర, అవతల ధర, ఆఖర్న తేడా. ఈ నెల మద్రాసులో ఉండుంటే నూట పన్నెండు రూపాయలు మిగిలేవని తేల్చి, ఇక మీదే ఆలస్యం అన్నట్టు ఆయన మొహంలోకి చూసేదాన్ని. ఆయన కాదనేవారు కాదు, ఔననేవారు కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ ఎర్ర మైనపు పెన్సిలు ఒకటుండేది, ఫిల్ము మీద ఎక్కడ కత్తిరించాలో గుర్తు పెట్టుకునేది. దాన్ని వేళ్ళమధ్య తిప్పుతూ వినేవారు. ఆ పెన్సిలు అంటుకుని ఆయన చొక్కాల జేబులన్నీ ఎర్రబడి, ఉతకలేక నా ప్రాణం పోయేది.

ఎప్పుడైనా ఒక్క మాట అనేవారు. "బీచిలో శనగలు రాయలేదేం?"

సాయంత్రాలు బీచికి వెళ్ళినప్పుడు ఉడకబెట్టిన శనగలు పొట్లాల్లో అమ్మేవాళ్ళు. మేం రెండు పొట్లాలు కొనుక్కునేవాళ్ళం. అది ఇంటి ఖర్చు కాదని నేను కొట్టిపారేసేదాన్ని. ఒకసారి సరేలెమ్మని రాశాను కూడా. అవతల అర్ధరూపాయి. ఇవతల ఏం రాయాలి? సముద్రమే లేదాయె. అడ్డగీత పెట్టాను.

నేను మాత్రం మద్రాసు వెళ్ళలేదు. చూసి వచ్చేయడానికైతే నేను రాను, వస్తే ఉండిపోవడానికే వస్తానని పంతం. ఆయన వెళ్ళేవారు. ల్యాబు పనులు ఇంకా అక్కడే జరిగేవి కాబట్టి నెలకోసారి నెగెటివు డబ్బాలు తీసుకుని రైల్లో వెళ్ళి వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ చెప్పులు విప్పకముందే అడిగేదాన్ని, మన వైపు ఎలా ఉందని. అంతా అలాగే ఉంది అనేవారు. ఆ మాట వినగానే నా మనసు స్తిమితపడేది.

అలా ఏడేళ్ళు గడిచాయి. పిల్లకి మద్రాసు అంటే కరివేపాకు ఊరికే ఇచ్చే ఊరని మాత్రమే తెలుసు. "ఏంది మమ్మీ, ఎప్పుడు చూడు అవే లెక్కలు" అని విసుక్కునేంత అయింది.

అప్పుడొచ్చింది స్థలం సంగతి. ఫిల్మ్‌నగర్ దిగువన, షేక్‌పేట వైపు, బండరాళ్ళు పగలగొట్టి చదును చేసిన చోట వంద గజాల ముక్క. తెలిసినవాళ్ళది, చవగ్గా ఇస్తామన్నారు. బయానా పది వేలు. మా దగ్గర అయిదు వేలకి మించి లేవు. ఆయన రెండు రోజులు ఇంట్లో అటూ ఇటూ తిరిగి, మూడో రోజు నోరు విప్పారు. మద్రాసు ఖాతాలో డబ్బు తీస్తావా అని.

నేను అగ్గి మీద గుగ్గిలం అయ్యాను. పుస్తకాలన్నీ తెచ్చి ఆయన ముందు పడేశాను, అప్పటికి అయిదు నిండాయి. ఏడేళ్ళు ఇక్కడుండి ఎంత నష్టపోయామో లెక్క చూడమన్నాను. ఆ డబ్బు తీస్తే మనం ఇక తిరిగి వెళ్ళేదే లేదన్నాను. నాకు ఆ ఇల్లు కావాలి, ఆ సందు కావాలి. ఈ రాళ్ళ మధ్య నాకేముంది?

ఆయన పుస్తకాలన్నీ ఒద్దికగా సర్దిపెట్టారు. ఎల్లుండి ల్యాబు పనుంది, నాతో రా, చూసుకుని తీయాలనిపిస్తేనే తియ్యి, లేకపోతే స్థలం వద్దు అన్నారు. నేను ఆఖరి పుస్తకం సంచీలో పెట్టుకుని బయలుదేరాను.

ఆయన ల్యాబుకి వెళ్ళారు, నేను మా సందుకి. కొట్టాయన గుర్తుపట్టాడు, జుట్టు నెరిసింది. కూర్చోమని స్టూలు వేశాడు. కందిపప్పు ఎంత అని అడిగాను. చెప్పాడు. తప్పు విన్నానేమోనని మళ్ళీ అడిగాను. కాఫీపొడి అడిగాను, బియ్యం అడిగాను. ఒక్కొక్కటి చెబుతుంటే నా పుస్తకంలో పేజీలు నన్ను చూసి నవ్వుతున్నట్టనిపించింది. అన్నీ యూసుఫ్‌గూడ ధరలే, కొన్ని ఇంకా ఎక్కువ. నేను వదిలి వెళ్ళిన రోజు ధరలనే ఏడేళ్ళపాటు రాసుకుంటూ పోయాను. హైదరాబాదులో రేట్లు పెరిగితే ఇవతల కొట్టేసి దిద్దేదాన్ని. అవతల కూడా పెరుగుతాయని నా మట్టిబుర్రకి ఒక్కనాడూ తట్టలేదు.

మా పాత వాటాలో ఎవరో ఉన్నారు. ఓనరమ్మ కాఫీ ఇచ్చి, అద్దె పన్నెండు వందలని చెప్పింది. అడ్వాన్సు పన్నెండు వేలు. నా ఖాతాలో వడ్డీతో కలిపి అయిదు వేలకి కాస్త తక్కువ. తిరిగి రావడానికని నేను దాచుకున్న డబ్బు ఎప్పుడో చాలకుండా పోయిందన్నమాట.

బయటికొస్తుంటే సందు మొగలో కూరగాయలామె కనిపించింది. పాతామె కాదు, ఎవరో కొత్త మనిషి. ఎందుకో పావుకిలో వంకాయలు కొన్నాను. ఆమె తూచి సంచీలో వేసి, నా వంకైనా చూడకుండా పైన రెండు రెబ్బలు కరివేపాకు పడేసింది. అక్కడే ఒక అరుగు మీద కూలబడి ఏడ్చాను. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా సిగ్గనిపించలేదు.

బ్యాంకులో గుమస్తా, డబ్బు మొత్తం తీస్తే ఖాతా మూసేయాల్సి వస్తుందమ్మా, మూసెయ్యమంటారా అని అడిగాడు. మూసెయ్యమన్నాను. నోట్లు లెక్కపెట్టుకుంటుండగా ఆయన వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు.

"మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"నెలనెలా వస్తున్నారు. ఒక్కసారైనా చెప్పొచ్చు కదండీ. నన్నిలా పిచ్చిదాన్ని చేస్తారా?"

ఆయన జేబులోంచి పెన్సిలు తీశారు. "చెప్తే రాయడం మానేస్తావని," అన్నారు.

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. తెనాలి దాటేదాకా ఆయనతో మాట్లాడలేదు.

స్థలం కొన్నాం. నానా తంటాలు పడి రెండేళ్ళకి రెండు గదులు వేశాం. యూసుఫ్‌గూడలో ఇల్లు ఖాళీ చేస్తున్న రోజు, తొమ్మిదేళ్ళుగా నేను పేచీ పడుతూ వచ్చిన బండామె చిన్న మొక్క తెచ్చింది, వేళ్ళకి తడి మట్టి అంటించి. కల్యామాకు మొక్క. ఎంత అని అడగబోయాను.

"పైసలొద్దు, ఉట్టిగనే తీస్కో. ఇగ ఎవల్తోని కొట్లాడాలె నేను?" అంది.

వంటింటి గోడ పక్కన నాటాను. పద్దులు రాయడం మానలేదు, పేజీకి గీత కూడా మానలేదు. అయితే అవతల ఇక అబద్ధాలు రాయదల్చుకోలేదు. అన్నీ ఖాళీగా వదిలేసి కరివేపాకు ఒక్కటి రాసేదాన్ని. ఇవతల డబ్బులు, అవతల ఊరికే. అది ఒక్కటి నేను కళ్ళారా చూసి వచ్చిన నిజం. రెండో ఆదివారం అది ఒక్కటే చదివేదాన్ని, ఆయన అది ఒక్కటే వినేవారు. అప్పటికి ల్యాబు పనులు కూడా ఇక్కడికే వచ్చేశాయి. ఆయన మద్రాసు ప్రయాణాలు ఆగిపోయాయి.

తొంభైల చివర్లో మొక్క నడుమెత్తు పెరిగింది. ఒక నెల్లో కరివేపాకు ఒక్కసారి కూడా కొనలేదని నెలాఖర్న పద్దు రాస్తున్నప్పుడు తెలిసింది. ఇవతల ఊరికే అని రాశాను. రాశాక చూస్తే, దాని పక్కన అవతల కూడా అదే మాట ఉంది. సంతోషించాలి నిజానికి. నా మద్రాసులో మిగిలిన ఆఖరి ముక్క కూడా పోయినట్టు బాధేసింది.

రెండో ఆదివారం చదివాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"అయితే ఇంక తేడా లేదన్నమాట."

లేదన్నాను. ఆయన లేచి చొక్కా వేసుకుని, ఎడిటింగ్ గదిలో పనుందని వెళ్ళిపోయారు. రెండో ఆదివారం ఆ గదికి తాళం వేసి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. ఏడేళ్ళపాటు వచ్చిన ప్రతిసారీ అంతా అలాగే ఉందని ఆయన ఎవరికి చెప్పుకున్నారో ఆ పూట తెలిసొచ్చింది నాకు. తిరిగి వెళ్ళాలని నేనొక్కదాన్నే గోల పెడుతున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ.

మర్నాటి నుంచి గీత గీయకూడదనుకున్నాను. తెల్లారి పాలవాడి లెక్క రాద్దామని కొత్త పేజీ తిప్పాను. గీత ఉంది. పైనుంచి కిందికి, కాస్త వంకరగా, ఎర్ర మైనపు పెన్సిలుతో. అవతల మొదటి వరసలో ఆయన దస్తూరీ: బీచి. శనగలు, రెండు పొట్లాలు. అర్ధరూపాయి.

ఇవతల నేను అడ్డగీత పెట్టాను.