నూనె అని రాసిన చీటీ

1981 ఫిబ్రవరిలో నన్ను బాన్సువాడ సెక్షన్‌కు సూపర్‌వైజర్‌గా వేశారు. డిప్లొమా చదివి రోడ్ల పనిలో చేరినవాళ్లకు అప్పట్లో దొరికే మొదటి మెట్టు అది. పైన డీఈ, ఆ పైన ఈఈ. నా కింద వర్క్ ఇన్‌స్పెక్టరు, ఆయన కింద గ్యాంగు కూలీలు. మాది కృష్ణా జిల్లా. ఆ సంగతి ఎందుకు చెప్పానో ముందు ముందు తెలుస్తుంది.

నాకు అప్పగించింది వర్ని వైపు వెళ్లే రోడ్డు. చెరకు సీజనంతా ఇనుప పట్టాల ఎడ్లబండ్లు, మోయలేనంత ఎక్కించుకున్న లారీలు దాని మీదే షక్కర్ ఫ్యాక్టరీకి పోయేవి. తారు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. కొత్త తారు డబ్బాలు రావడం ఆ ఏడు గగనమైపోయింది. ఇండెంటు పెట్టి, దాని మీద రెండు మూడు ఉత్తరాలు రాస్తే సగం సరుకు వచ్చేది. ఇక్కడేమో తవ్వి తీసిన పాత పెచ్చులు రోడ్డు పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. వాటినేం చేయాలని అడిగితే మా డీఈ పారేయమన్నారు. మంచి కంకర, దాన్ని పట్టుకుని ఉన్న తారు, రెండూ గుంతల పాలు. నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది.

పాత తారుతో చిక్కు ఏమిటంటే, ఏళ్ల తరబడి ఎండకూ గాలికీ ఉండి అందులోని పలచని జిడ్డు తగ్గిపోతుంది. మిగిలింది పెళుసు. వేడి చేస్తే కాస్త మెత్తబడుతుంది గానీ, చల్లారగానే మళ్లీ పెంకులా విరుగుతుంది. ఈ మాత్రం నాకు చదువులో చెప్పారు. దానికి విరుగుడు చెప్పలేదు.

విరుగుడు చూపించింది జమ్నాబాయి. దగ్గరి తండా నుంచి వచ్చే ఎనిమిదిమంది ఆడకూలీలకు ఆమె పెద్ద. పొద్దుగూకే ముందు వాళ్లు చేతుల తారు వదిలించుకోవడానికి కానుగ నూనె రాసుకునేవారు. తండావాళ్లు కానుగ గింజలు ఏరి, ఆడించి తెచ్చుకునే నూనె అది. బండి ఇరుసులకూ దురదలకూ అదే వాడేవారు. ఒకరోజు ఆమె రాయిలాంటి పాత పెచ్చు మీద ఆ జిడ్డు చేతులు తుడుచుకుని, మర్నాడు దాన్ని తెచ్చి నా ముందు పెట్టింది. గోటితో నొక్కితే గుంట పడింది.

“గిది ఎండిపోయింది సారు, సచ్చిపోలే. జర కానుగ నూనె తాపితే మల్ల పానం వస్తది” అంది.

మార్చిలో పని మొదలుపెట్టాం. పొయ్యి మీద పెద్ద ఇనుప రేకు పెట్టి, పగలగొట్టిన పెచ్చులు అందులో పోసి వేడి చేయడం, కానుగ నూనె చల్లి పారలతో తిప్పడం, కొంచెం కొత్త తారు కలిపి రోడ్డు మీద పరిచి రోలరు తొక్కించడం. మొదటిసారి నూనె ఎక్కువైంది. మధ్యాహ్నం ఎండకు ఎడ్ల గిట్టలు దిగబడ్డాయి. రెండోసారి తక్కువై, గీస్తే పొడి రాలింది. మూడోసారి జమ్నాబాయే కొలత కుదిర్చింది. రేకుకు సోలెడు. అంతకు చుక్క ఎక్కువ వేయనిచ్చేది కాదు. నేను పుస్తకంలో రాసుకుంటుంటే నవ్వి, “మాకు చేయి చెప్తది, మీకు కాయితం చెప్పాలె” అని ఆటపట్టించేది. అలా పరిచిన చిన్న ముక్క మీద నెలరోజులు బండ్లు నడిచాయి. చెక్కు చెదరలేదు.

ఈ పనికి నాకు రాతపూర్వకమైన అనుమతి లేదు. డీఈకి నోటితో చెప్పాను. ఆయన తల ఊపారు. ఊపిన తలకు సాక్ష్యం ఉండదని అప్పటికి నాకు తెలియదు.

మే నెలలో నన్ను రెండు రోజులు డివిజన్ ఆఫీసుకు పిలిచారు. రోజూ ఉండే ఇన్‌స్పెక్టరు సెలవులో ఉన్నాడు. బదులుగా వేరే సెక్షన్ నుంచి రాజలింగం అనే ఆయన వస్తున్నాడు. నేను పొద్దున్నే బస్సు ఎక్కే తొందరలో ఒక చీటీ రాసి, సామాన్ల పెట్టె మీద రాయి కింద పెట్టి వెళ్లాను. “రేకుకు సోలెడు నూనె. నేను వచ్చేలోపు యాభై మీటర్లు పూర్తి కావాలి.” అంతే. కింద సంతకం.

మా వైపు నూనె అంటే గింజ నుంచి తీసింది. దీపం బుడ్డిలో పోసేది కిరసనాయిలు. ఆ రెండింటినీ కలిపి చూసే ఆలోచన కూడా మాకు రాదు. ఇక్కడ కిరసనాయిలును గ్యాసునూనె అంటారు. పొయ్యి రాజేయడానికి, పారలు కడగడానికి రోడ్డు పని జరిగే ప్రతిచోటా ఒక డబ్బా ఉంటుంది. అక్కడ పనివాళ్లలో ఎవరైనా ఉత్తగా నూనె అంటే ఆ డబ్బానే. మూడు నెలలు ఆ మనుషుల మధ్య తిరిగి కూడా నేనది పట్టించుకోలేదు.

రాజలింగం చీటీ చదివి గ్యాసునూనె డబ్బా తెమ్మన్నాడు. జమ్నాబాయి అడ్డం చెప్పింది. సారు పోసేది ఇది కాదని, కానుగ నూనె అని, వేడి రేకు మీద ఇది పోస్తే మండుతుందని, మూడుసార్లు చెప్పిందట.

“సారు రాసిండు గదా. నీకంటె ఎక్కువ తెల్వదా సారుకు? ఇగో, చదువుకో” అని ఆయన చీటీ ఆమె మీద విసిరేశాడు.

చదువు రాని మనిషిని చదువుకోమన్నాడు. ఆ మాట మీద నాకున్న కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. ఆమె తక్కిన ఆడవాళ్లను వెనక్కి జరగమని, తానే వంగి పోసింది. మంట భగ్గుమని లేచింది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి.

నేను తిరిగి వచ్చేసరికి ఆమె బాన్సువాడ దవాఖానలో ఉంది. విచారణ మూడోరోజే మొదలైంది. చీటీలో ఏముందో తనకు గుర్తు లేదని, కూలీలే సొంత తెలివితో పోశారని రాజలింగం చెప్పాడు. కానుగ నూనె సంగతి తనకు తెలియనే తెలియదని డీఈ రాసిచ్చారు. “కూలీల అజాగ్రత్త. గ్యాంగును తొలగించవలెను” అని విచారణకు వచ్చినవాళ్లు నివేదిక టైపు చేసి నా ముందు పెట్టారు. చీటీ దొరకలేదు కాబట్టి నీకేమీ కాదు, సంతకం పెట్టు అన్నారు. ఎనిమిదిమంది నోటి దగ్గరి కూడు ఆ కాగితం మీద ఉంది. నిజం చెప్పాలంటే, చీటీ దొరకలేదన్నప్పుడు నా గుండె తేలికపడింది. అందుకు నా మీద నాకు కలిగిన అసహ్యం వాళ్లందరి మీది కోపం కంటే పెద్దది. సంతకానికి ఒకరోజు గడువు అడిగాను.

ఆ సాయంత్రం దవాఖానకు వెళ్లాను. జమ్నాబాయి కట్టు కట్టిన చేతులు పొట్ట మీద పెట్టుకుని పడుకుని ఉంది. పక్కనున్న కూతురికి సైగ చేస్తే, ఆ పిల్ల తల్లి ఓఢ్నీ కొంగు ముడి విప్పి, మసిబారిన చీటీ నా చేతిలో పెట్టింది.

“గా కాయితంల ఏం రాసి ఉన్నది సారు? జర చదువుండ్రి. నేను చెప్పిందే తప్పేమో అని మూడు దినాల సంది ఫికరైతుంది” అంది.

చదివాను. పైకి, మొత్తం. ఆమె విని అడిగింది.

“కానుగ అని లేదా?”

లేదన్నాను.

మర్నాడు ఆ నివేదిక మీద సంతకం పెట్టలేదు. నా వాంగ్మూలం విడిగా రాసి, చీటీ దానికి కుట్టి, నకలు పై ఆఫీసుకు పంపాను. గ్యాంగును తొలగించలేదు. నాకు అభిశంసన వచ్చింది, సర్వీసు రిజిస్టరులో ఎక్కింది, నేను దాని మీద అప్పీలు చేయలేదు. రాజలింగానికీ డీఈకీ ఏమీ కాలేదు. అనుమతి లేని ప్రయోగమని కానుగ పని ఆపేశారు. మేం వేసిన ముక్క మాత్రం రెండు వానాకాలాలు నిలిచింది, అటూ ఇటూ కొత్త తారు లేచిపోయినా. దాన్ని కొలవడానికి ఎవరూ రాలేదు. జమ్నాబాయి కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ తిన్నగా సాగలేదు.

పాత తారుకు మొక్కల నూనెలతో జీవం పోస్తున్నారని ఈమధ్య పత్రికల్లో చదువుతున్నాను. మంచిదే. నలభై ఏళ్ల కిందట గుంతల్లో పారబోసిన కంకర గుర్తొచ్చి పళ్లు నూరుకుంటాను.

ఆ తర్వాత సర్వీసులో నూనె అని ఉత్తగా ఎప్పుడూ రాయలేదు. ఏ నూనెనో రాశాను, రాసింది కూలీల ముందు పైకి చదివించాను. నిన్నటిదాకా ఆ పని చేసిన మనిషి ఇది రోజూ వాడేది కాదంటే కాగితంలో ఏమున్నా పని ఆపాలని ప్రతి సైటులోనూ నా సంతకంతో ఉత్తర్వు పెట్టాను. ఆ ఉత్తర్వు ముందే ఉండి ఉంటే, నేను రాయడం మరిచిన ఒక్క మాట మూడుసార్లు చెప్పిన మనిషి చేతులు కాలేవి కావు.