పెదనాన్న అమ్మిన డీజిలు కారు

భీమవరం బైపాసు పక్కన పాత కార్లు అమ్మే షెడ్డులో ఏ కారు తలుపు తీసినా ఒకటే వాసన. పైన మల్లెపూల సెంటు, దాని కింద తడారని గోనెసంచి కంపు. నేను నిడదవోలులో ఉంటాను, భీమవరం ఇంజినీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాను. రోజూ పోనూ రానూ బస్సుల్లో వేలాడి నడుం పడిపోయాక, తక్కువలో దొరికే, పెట్రోలు తక్కువ తాగే పాత కారు ఒకటి చూసుకుందామని కొన్నాళ్ళుగా ఇలాంటి షెడ్లన్నీ తిరుగుతున్నాను. ఇంతవరకూ నాకు చూపించిన ప్రతి బండీ ఎవరో ఒక డాక్టరుదే. "సింగిల్ ఓనరండి, డాక్టర్ గారి బండండి, హాస్పిటల్‌కీ ఇంటికీ తప్ప బయటికి తియ్యలేదండి." డాక్టర్లంతా ఇలా కార్లు కొని అమ్ముకుంటూ కూర్చుంటే ఈ జిల్లాలో రోగుల్ని ఎవరు చూశారో నాకు అర్థం కాదు.

నేను వంగి, కాళ్ళ దగ్గర పరిచిన రబ్బరు మ్యాట్ ఎత్తబోయాను. షెడ్డు యజమాని మొహం మాడిపోయింది.

"అదేంటండి మేడమ్, అలా చూస్తారా? మనవాళ్ళండి మనం. ఇంతకీ మీ ఇంటిపేరేంటండి?"

మనవాళ్ళు అన్న మాట చెవిన పడగానే ఒళ్ళు మండింది, ఆ వాసన ఎక్కడిదో కూడా గుర్తొచ్చింది. అది మా పెదనాన్న కారు వాసన.

పెదనాన్నగారు అనాలి. అనను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళని ఏమీ అనకూడదంటారు. బతికున్నన్నాళ్ళూ పెద్దవాళ్ళని ఏమీ అనకూడదన్నారు. మరింకెప్పుడు అనాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇప్పుడంటున్నాను.

నా చిన్నప్పుడు నిడదవోలులో మా ఇల్లు స్టేషనుకి దగ్గర, రైలు కూతకి లేచి రైలు కూతకి పడుకునే ఇల్లు. నాన్నగారికి ఎరువుల కొట్టు ఉండేది, ఆయన చొక్కాకి ఎన్ని ఉతుకులు ఉతికినా యూరియా వాసన పోయేది కాదు. అమ్మ సైన్సు టీచరు. నేనూ తమ్ముడూ పుట్టాక, పొయ్యి పక్కన పుస్తకం ఆనించుకుని, ఒక చేత్తో పప్పు కలుపుతూ బీఈడీ చదివిన మనిషి. చాలా ఎదురుచూపుల తర్వాత భీమవరం అవతల ఒక పల్లెలో, ఎయిడెడ్ హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఆ రోజు ఆవిడ పూర్ణం బూరెలు వండి, వేడి బూరెకి మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోసి, వీధి వీధంతా పంచింది. పండగేంటని అడిగినవాళ్ళందరికీ "నాకు ఉద్యోగం వచ్చిందండి" అని చెప్పుకుంటూ, చెప్పిన ప్రతిసారీ సిగ్గుపడుతూ నవ్వింది.

కొట్టు వదిలి నాన్నగారు రాలేరు, ఉద్యోగం వదిలి అమ్మ ఉండలేదు. పాసింజరు రైలుకీ బడి గంటకీ పొంతన కుదిరేది కాదు. బస్సులైతే తణుకులో ఒకటి, భీమవరంలో ఒకటి మారి, ఆ తర్వాత ఆటో కోసం కాలవ గట్టున నిలబడాలి. ఆవిడ ఇల్లు చేరేసరికి చీకటి పడేది. అది చూసి పెదనాన్న మా వీధరుగు మీద కూర్చుని, కాఫీ గ్లాసు కింద పెడుతూ, "దీపాలు పెట్టేవేళకి ఇంట్లో ఆడమనిషి లేకపోతే అదేం కొంపరా?" అని నాన్నగారితో అనేవాడు, లోపల అమ్మకి వినబడేంత గట్టిగా. నాన్నగారు తల దించుకునేవారు. అమ్మ ఉద్యోగం నిలబడాలంటే కారు ఉండాలి, అది తక్కువలో రావాలి, నూనె తాగకూడదు. మా ఇంట్లో ఆ ఏడు అందరూ మాట్లాడుకున్నది ఇదొక్కటే.

అమ్మ ఆ వేసవిలోనే కారు నేర్చుకుంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా, అడుగున బురద నెర్రెలిచ్చి, చేపలు చిక్కిన గుంటల చుట్టూ కొంగలు మూగేవి. ఆ ఎండిన కాలవ గట్టు మీద, స్టేషను దగ్గర టాక్సీ నడిపే ముసలాయన పక్కన కూర్చుని గేర్లు మార్చడం నేర్పుతుంటే, వెనక సీట్లో నేనూ తమ్ముడూ తాటి ముంజలు బొటనవేలితో పొడుచుకుని తాగుతూ, కారు ఎగిరిపడ్డప్పుడల్లా నీళ్ళు గౌనూ చొక్కా అంతా ఒలకబోసుకునేవాళ్ళం. కారు కూడా అమ్మే వెతికింది. రిటైరైన రైల్వే గార్డుగారొకాయన చిన్న పెట్రోలు కారు అమ్ముతున్నారని తెలిసి వెళ్ళి, పైట నడుముకి దోపుకుని, టార్చి వేసి, నేల మీద పడుకుని మరీ కింద చూసింది. ఆ గార్డుగారు ఏమీ అనుకోకపోగా, ఇంకో పక్క కూడా చూడమని చెప్పి, లోపల్నించి మజ్జిగ తెప్పించారు. ఆ మజ్జిగలో దబ్బాకు నలిపి వేసిన వాసన నాకింకా తెలుసు. ఇంటికొచ్చేదాకా అమ్మ ఆ కారు గురించే మాట్లాడింది.

ఈ సంగతి పెదనాన్న చెవిన పడింది. ఆయనకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉండేవి, చెరువుల కంటే పెద్ద నోరుండేది. "ఇంట్లో బండి పెట్టుకుని బయట కొంటార్రా? నలుగురూ ఏమనుకుంటారు? నాది డీజిలు బండి, గాలికి నడుస్తుంది. సొంత తమ్ముడి దగ్గర లాభం చూసుకుంటానేంట్రా?" అన్నాడు. చూసుకున్నాడని తర్వాత తెలిసింది. అంతటితో గార్డుగారి కారు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

దసరాకి మమ్మల్ని పిలిచాడు. ఆ ఇల్లు నాకు బాగా గుర్తు. హాల్లో గోడ వారగా రొయ్యల మేత బస్తాలు, పెరట్లో ఐసు పెట్టెలు, మధ్యలో ఆయన పడక్కుర్చీ. ఆయన తినడం అయ్యాకే పిల్లలకి ఆకు వేసేవారు. రొయ్యల వేపుడులో పెద్దవన్నీ ఆయన విస్తట్లోకి వెళ్ళాక, మాకు ఉల్లిపాయ ముక్కలు తగిలేవి. భోజనాలయ్యాక కారుకి పసుపు రాసి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, తాళాలు పళ్ళెంలో తాంబూలంతో పెట్టి ఇచ్చాడు. అమ్మ నాన్నగారి పక్కకి జరిగి మెల్లిగా, "ఏవండీ, ఒక్కసారి ఆ మ్యాట్లు ఎత్తి కింద చూద్దామండీ" అంది.

"ఊరుకో. అన్నయ్య దగ్గర కారు కొంటూ కిందా మీదా చూస్తామా? బాగోదు."

మాలాంటి కుటుంబాల్లో అదొక మర్యాద. బయటివాడి దగ్గర వంకాయ కొన్నా పుచ్చు చూస్తారు. అన్నదమ్ముల దగ్గర పొలం కొన్నా గట్లు కొలవరు, కొలిస్తే నమ్మకం లేనట్టు, నమ్మకం లేదంటే చుట్టరికం తెగినట్టు. ఈ మర్యాద ఎప్పుడూ అమ్మేవాడికే లాభం, అది తెలిసినవాడే అందరికంటే గట్టిగా మనవాళ్ళు అంటాడు. మా అమ్మానాన్నలు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టడానికి వంగారు గానీ, కారు కిందికి చూడటానికి వంగలేదు.

ఆ కార్లో అద్దం కింద పెట్టిన మల్లెపూల సెంటు సీసా ఎందుకో తొలి వాన పడగానే తెలిసింది. పెదనాన్న ఆ కారు వెనక సీటు తీసేసి ఏళ్ళ తరబడి రొయ్యల పెట్టెలు మోయించి, అమ్మేముందు సీటు మళ్ళీ బిగించాడు. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు కారి కారి అడుగు రేకంతా తినేశాయి. నా కాళ్ళ దగ్గర మ్యాట్ కింద అరచేతంత బెజ్జం పడింది. అమ్మ దాని మీద కిరసనాయిలు డబ్బా రేకు కప్పి, "కాళ్ళు పైకి పెట్టుకోండమ్మా" అనేది. ఆవిడ చూడనప్పుడు నేనూ తమ్ముడూ రేకు జరిపి, కాళ్ళ కింద పరిగెత్తే రోడ్డుని చూస్తూ, దాన్లోంచి చింతపిక్కలు జారవిడిచేవాళ్ళం. మమ్మల్నీ ఆ బడిలోనే చేర్పించింది కాబట్టి, ఆ ఏడాదంతా నా బాల్యం ఆ కార్లోనే గడిచింది. తెల్లవారుజామున రైసుమిల్లుల నుంచి ఉడికిన ధాన్యం ఆవిరి, తణుకు దాటేదాకా వెంటపడే చెరకు మడ్డి వాసన, మంచులో కనబడకుండా గంటల చప్పుడు మాత్రం వినిపించే ఎడ్లబళ్ళు, ఒళ్ళో అరిటాకులో కట్టిన దిబ్బరొట్టె, దాని మీద పోసుకునే చెరకు పానకం. అమ్మ నడుపుతూ మొక్కల పేర్లు అడిగేది. గట్టు మీద తుమ్మకీ తుమ్మికీ తేడా చెప్పినవాళ్ళకి ముందు సీటు. ఆవిడ పాట పాడగలదని కూడా నాకు ఆ కార్లోనే తెలిసింది, ఇంట్లో ఎప్పుడూ పాడగా వినలేదు. ఇంత సంతోషాన్ని ఆ తుప్పురేకు మీద కూర్చోబెట్టినందుకు పెదనాన్నని ఇప్పటికీ క్షమించలేను.

శ్రావణమాసంలో, కాలవలు గట్లు తన్నుకుని పారుతున్న రోజుల్లో, బడి నుంచి వస్తుంటే మలుపు దగ్గర గేదెలు అడ్డొచ్చాయి. అమ్మ బ్రేకు తొక్కింది. పెడలు నేలకి అంటుకుపోయింది, బండి ఆగలేదు. ఒక పక్క కాలవ, ఎదురుగా గేదెలు. ఆవిడ కేక వేయలేదు. గేర్లు ఒక్కొక్కటీ దించుకుంటూ, హారను మీంచి చెయ్యి తీయకుండా, కారుని గట్టు దించి కళ్ళంలో ఉన్న గడ్డిమేటులోకి పోనిచ్చింది. మా మీద గడ్డి కూలింది, తమ్ముడి పెదవి చిట్లింది, అంతే. గడ్డిలోంచి బయటికి లాక్కొచ్చి, మా ఇద్దరి వేళ్ళూ ఒక్కొక్కటీ పట్టుకుని కదిపి చూసి, అప్పుడు ఏడ్చింది.

బ్రేకు నూనె వెళ్ళే గొట్టం తుప్పుకి తెగిపోయిందని, అదే కాదు కిందున్నదంతా ఉప్పు తినేసిందని మెకానిక్కు నాన్నగారికి ఎత్తి చూపించాడు. నేను పక్కనే ఉన్నాను, నాన్నగారు ఆ తుప్పు వేలితో ముట్టుకుని చూశారు.

మర్నాడు పెదనాన్న వచ్చాడు. అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, మూతి తుడుచుకుని తీర్పు చెప్పాడు. "ఆడదాని చేతికి బండిచ్చావు, పిల్లల ప్రాణాల మీదికి తెచ్చింది. లక్షణమైన బండి నాశనం చేసింది. ఇంక ఆ ఉద్యోగం చాలించమను."

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి నాన్నగారి వైపు చూసింది. తుప్పు సంగతి ఆయనకి తెలుసు. ఒక్క మాట అంటే చాలు, అన్నయ్యా, గొట్టం కుళ్ళిపోయిందట అని. నాన్నగారు అరుగు మీద ఎండబెట్టిన చింతపండు వైపు చూస్తూ కూర్చున్నారు. నాన్నగారు మంచివారని ఊరంతా అంటారు. ఆ మంచితనం ఆ రోజు అమ్మకి ఎందుకూ పనికి రాలేదు, నేను ఆయన్ని కూడా అక్కడితో వదిలిపెట్టను. అమ్మ కొన్నాళ్ళు సెలవు పెట్టింది, ఆ తర్వాత ఉద్యోగం మానేసింది. స్టీరింగు మళ్ళీ ముట్టుకోలేదు. ఏ పెళ్ళిలోనైనా ఈ కథ చెప్పుకునేటప్పుడు, అమ్మ కారు గడ్డిలో దూర్చిందని నవ్వేవారు. ఆవిడ కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. అది చూడలేక నేను లేచి వెళ్ళిపోయేదాన్ని.

షెడ్డు యజమానికి నా ఇంటిపేరు చెప్పలేదు. "నేను మీకేమీ కానండి, కింద చూపిస్తే కొంటాను" అన్నాను. చూపించలేదు. ఇంకొన్నాళ్ళు తిరిగి రాజమండ్రిలో, నా ఇంటిపేరూ ఊరూ అడగని ఒకాయన దగ్గర చిన్న పెట్రోలు కారు కొన్నాను. కొనేముందు చుడీదారుకి మట్టి అంటినా సరే, వెల్లకిలా పడుకుని, అడుగంతా వేలితో తట్టి చూశాను. లీటరుకి ఇరవై దాకా ఇస్తోంది, నా రాకపోకలకి అది చాలు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మొన్న ఆదివారం ఎక్కించుకుని ఆ దారిలో తీసుకెళ్ళాను. మంచులో ఎడ్లబళ్ళు లేవు. వరి చేలు చాలావరకు చెరువులైపోయాయి, వాటిలో రొయ్యలకి గాలి పట్టించే చక్రాలు నురగలు కక్కుతున్నాయి. కళ్ళాలు లేవు, గడ్డిమేట్లు లేవు. మలుపు దగ్గర కాలవకి సిమెంటు గోడ కట్టారు. బడి ముందు కారు ఆపాను. బడి ఎప్పుడో మూసేశారట, గదుల నిండా రొయ్యల మేత బస్తాలు పేర్చి తాళాలు వేసి ఉన్నాయి.

నేను ఆ బస్తాల్ని చూసి పళ్ళు నూరుతున్నాను. అమ్మ బడి వైపు చూడటం లేదు. వెనక్కి తిరిగి, మేం వచ్చిన రోడ్డు వైపు చూస్తోంది.

"ఇంతేనటే దూరం? రోజూ వచ్చెయ్యొచ్చు కదే" అంది.