సున్నం కుండ పక్కన నీళ్ల కడవ

మా పెద్దమ్మ పోయింది. క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా, పొద్దున జ్వరమని కబురొచ్చింది, మధ్యాహ్నానికి చావు కబురే వచ్చింది. చోడవరంలో మా పేట వాళ్లంతా పండగ పనులు ఆపి, సున్నం చేతులు కడుక్కుని వచ్చారు.

పండగకి ఏమేం తేవాలో మీలాగే మాకూ కంఠతా వచ్చు. వడ్డాది సంతలో బట్టలు, అరిసెలకి కొత్త బెల్లం, నక్షత్రానికి రంగు కాగితాలు. పెద్దమ్మకి అవేవీ పట్టవు. డిసెంబరు రాగానే గుమ్మం గుమ్మం తిరిగి ఒకటే అడిగేది.

"సున్నం తడిపేరా? మూతెట్టేరా? పక్కన కడవడు నీల్లు ఉంచేరా?"

"ఉంచేం లేవే తల్లీ, ఎల్లు!" అని నవ్వేవాళ్లు. ఆవిడ వెళ్తేగా! వంగి చూసి, కుండకి మూత వేసి, మూత మీద రాయి పెట్టి మరీ కదిలేది. చాదస్తమని నేనూ విసుక్కున్నాను. విసుక్కునే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నాకప్పుడు పదేళ్లు, పెద్దమ్మ కూతురికి ఐదు. పండగకి గోడలకి వెల్ల వేయాలని పెద్దమ్మ ఇంట్లో ఉన్న నీళ్లన్నీ కుండలో సున్నపు రాళ్ల మీద పోసేసి, మళ్లీ నీళ్లకి నూతికి వెళ్లింది. రాళ్లు పగిలి కుతకుతా ఉడుకుతున్నాయి. నాకది తమాషా.

"ఒసే గుంటా, బేగి రా! ఎలాగ ఉడుకుతందో సూడు!" అని పిలిచింది నేనే.

అది పరుగున వచ్చి కుండ మీదకి వంగింది. తుళ్లిన సున్నం రెండు కళ్లలోనూ పడింది. కడుగుదామని నీళ్ల కుండలన్నీ వంచి చూశాను. చుక్క నీరు లేదు. దాని కేకలకి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి కడవ కడవంతా ముఖం మీద కుమ్మరించింది. అప్పటికే ఆలస్యమైపోయింది. పండగ నాటికి దానికి చూపు లేదు.

ఎవరడిగినా పెద్దమ్మ, "తప్పు నాదే. ఇంట్లో నీల్లు ఉంచకుండా ఎల్లిపోనాను" అనేది. నేను పిలిచిన సంగతి చెల్లి ఆవిడకి చెప్పిందని నాకు తెలుసు. ఒకసారి ఏడుస్తూ నేనే చెప్పబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊరుకోవే. పదేల్ల గుంటవి, నువ్వు మొయ్యలేవు. నేను మోస్తాను."

ఇరవై ఏళ్లు మోసింది. ఆ రుణం నేను తీర్చుకోలేదు.

సమాధి చేసిన మూడో రోజున, పండగ ఆగదు కదా అని నేనూ పెరట్లో సున్నం తడిపాను. మూత పెట్టలేదు, నీళ్లు పెట్టలేదు. ఏటా ఆవిడే వచ్చి చూసేది, నాకెందుకు గుర్తుంటుంది? నా నాలుగేళ్ల కూతురు ఆ పెరట్లోనే ఆడుకుంటోంది.

పెరటి గుమ్మంలో చెల్లి నిలబడింది. ఒక చెయ్యి గోడ తడుముతోంది. చంకలో నిండు కడవ, తొణికి చీరంతా తడిసిపోయింది.

"అక్కా, సున్నం ఉడుకుతన్న సప్పుడు ఇనబడతంది. మూతెట్టేవా?"

మూత కోసం లోపలికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి కడవ నేల మీద ఉంది. చెల్లి నా కూతుర్ని దూరంగా లాక్కుని, కుండకి వీపు పెట్టి కూర్చుని, తన తడి అరచేతులతో దాని రెండు కళ్లూ మూసి పట్టుకుంది.