దొరగారి ముందు మా కొలిమి

తాటాకు ఇళ్ల వీధుల్లో కొలిములు ఉండకూడదని కొత్త నిబంధన పెట్టబోతున్నారట. అభ్యంతరాలున్నవాళ్లు గురువారం పొద్దున మునిసిపాలిటీ ఆఫీసుకొచ్చి, విచారణకు వచ్చే దొరగారికి చెప్పుకోవచ్చని దండోరా వేయించారు. చెప్పుకోవచ్చంటే సంతోషించాలి కదా. మాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. యుద్ధం రోజులవి. సర్కారువాళ్లు పిలిచి అడిగారంటే ఏదో పట్టుకుపోవడానికేనని మా లెక్క.

మా నాన్న కమ్మరి. ఇంటి ముందు పంచలోనే కొలిమి. నాగలికి కర్రు, బండిచక్రానికి పట్టా వేయించుకునేవాళ్లు దారిన పోతూ ఆగేవారు. ఊరి చివరికి పొమ్మంటే అక్కడికెవరొస్తారు? మేం తినేదేమిటి? గురువారం దాకా నాన్నకు అన్నం సయించలేదు. "ఏటి సెప్పాలే?" అని అమ్మను అడుగుతూనే ఉన్నాడు. "పోనని సెప్పు, అంతే," అనేది అమ్మ.

ముగ్గురం వెళ్లాం. అమ్మా నేనూ బయట కిటికీ దగ్గర నిలబడ్డాం. ఆమదాలవలసలో రైలు దిగి వచ్చిన ఆ దొర మన తెలుగువాడే. బూట్లు వేసుకున్నాడు కాబట్టి మాకు దొర. "కొలిమి ఊరి బయటికి మార్చుకుంటావా?" అని మెత్తగానే అడిగాడు. నాన్న తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "సిత్తం బాబూ," అన్నాడు.

అదీ మా నాన్న. బుద్ధెరిగినప్పట్నుంచీ అధికారుల ముందు ఆ నోటికొచ్చిన మాట అదొక్కటే.

ఆయన బయటికి రాగానే అమ్మ, "ఏటన్నావు?" అంది, విన్నది నమ్మలేక. "నోరు రాలేదే," అన్నాడు ఏడుపు ముఖంతో. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. బంట్రోతు అడ్డమొచ్చినా ఆగలేదు. ఇక ముగ్గుర్నీ జైల్లో వేస్తారనుకుని నేను అమ్మ కొంగు పట్టుకున్నాను.

"ఈయన బయపడ్డాడు బాబూ. మళ్లీ అడగండి," అంది అమ్మ.

దొర మళ్లీ అదే ప్రశ్న వేశాడు. నాన్న "సి..." అన్నాడు. ఆగాడు.

"పోను బాబూ," అన్నాడు.

దొర గుమాస్తా వైపు తిరిగి, "ఒప్పుకోలేదని రాయి," అన్నాడు.

ఇంటికొచ్చే దారంతా నాన్న వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, పట్టుకోవడానికి ఎవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ రాలేదు. ఆ నిబంధన మా జోలికి రాలేదు; నాన్న చనిపోయేదాకా కొలిమి మా పంచలోనే ఉంది. ఆ సాయంత్రం మాత్రం ఆయన చేతుల వణుకు ఆగక, అమ్మే కొలిమి తిత్తి ఊదింది.